చెరువు కింద కుర్చీ

"లేస్తారా, లేవరా? అదొక్కటి చెప్పండి మామయ్యా."

"చెప్పాగా. లేవను."

"మూడు రోజులైంది."

"నాకూ లెక్క వచ్చు."

లెటీ లాంతరును నీళ్ళు తగలని చోటు చూసి పాలరాతి గట్టు మీద పెట్టింది. ఇనప తలుపు దగ్గర్నుంచి రెండొందల అడుగుల సొరంగం నడిచి, నలభై ఒక్క మెట్లు దిగి వచ్చింది. అడుగున చీలమండల దాకా నీళ్ళు. బూట్లు తడిసి ముద్దయ్యాయి. ఆమెకి ఉన్నది ఆ ఒక్క జతే.

నెత్తిమీద గాజు కప్పు. దాని మీద చెరువు. ఆ ఆకుపచ్చ వెలుతురులో, ఒకప్పుడు క్రేక్ దొర చుట్ట తాగడానికి వేయించుకున్న ఎర్ర మఖమల్ కుర్చీలో ఆమె మామగారు జేబెజ్ స్ట్రాడ్విక్ కూర్చున్నాడు. మోకాళ్ళ మీద గుర్రపు కంబళి, నెత్తిన టోపీ. మూడు రోజుల గడ్డం. రాజ్యం పోయినా సింహాసనం వదలని రాజుగారి వాలకం.

"పన్నెండింటికి మేనేజరు హార్బిన్ తాపీవాళ్ళని వెంటేసుకుని వస్తాడు," అంది లెటీ. "మీరు ఇక్కడ కనిపిస్తే ఇల్లు పోతుంది. మీకిది తెలీదనుకోవాలా, తెలిసే చేస్తున్నారనుకోవాలా?"

"ఏదోటి అనుకో."

"తొమ్మిదింబావుకి నాలుగు రోడ్ల దగ్గరికి బండి వస్తుంది. మీరు లేస్తే మిమ్మల్ని బండెక్కించి టబితా అత్తయ్య ఇంటికి తీసుకుపోతాను. ఇక్కడ రూబెన్ ఒక్కడే ఉంటాడు. మా నాన్న తనంతట తనే బయటికొచ్చాడు, చెల్లెలింటికి పోయాడు అని చెప్పి కాగితం మీద సంతకం పెడతాడు. రాత్రి ఇద్దరం కూర్చుని అనుకున్నాం. మీరు ఒక్క మాటా మాట్లాడక్కర్లేదు. లేస్తే చాలు."

"నా కొడుకూ కోడలూ నన్ను మూటగట్టి ఎక్కడ పడెయ్యాలో రాత్రి కూర్చుని అనుకున్నారన్నమాట."

"మూటగట్టి పడేసేంత బరువు లేరు మీరు. నోరొక్కటే బరువు."

జేబెజ్ పైకి చూశాడు. ఒక పెద్ద చేప గాజు మీదుగా బద్ధకంగా పోతోంది. అది దాటిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు, కోడలు ఆ గదిలో లేనట్టు.

లెటీకి ఆ మౌనం కొత్త కాదు. పెళ్ళయి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలోనూ భోజనాల బల్ల దగ్గర ఆమె తిన్నది సగం రొట్టె, సగం ఆ మౌనం.

మా ఆల్డర్‌మియర్ ఊరివాళ్ళం ఒక పాపం చేశామని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. గురువారం పొద్దున జేబెజ్ కిందికి దిగి పైకి రాలేదని తెలిసినప్పుడు మేమంతా సంబరపడ్డాం. డబ్బాల్లో బఠాణీలు అమ్మి కోటీశ్వరుడైన కొత్త యజమాని ఆ గదిని ఇటుకలతో మూసేస్తానంటే, డెబ్భై ఏళ్ళ ముసలాడు అడ్డం కూర్చున్నాడు. అంతకంటే ఏం కావాలి మాకు? సారాకొట్టులో ఆయన పేరు చెప్పి తాగాం. గట్టు మీదున్న రాతి కొంగ కడుపులోంచి గదిలోకి గాలిగొట్టం ఉంటే, దాంట్లోంచి దారంతో రొట్టే జున్నూ దింపాం. "జేబెజ్, వదలకు!" అని గొట్టంలోకి అరిచాం. "వదలను!" అని కిందనుంచి జవాబొచ్చేది. మా వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇల్లు పోయేది మాది కాదుగా.

ఆ ఇల్లు చెరువు కాపలావాడి ఉద్యోగంతో పాటు వచ్చిన ఇల్లు. ఉద్యోగం ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. యజమానికి కోపమొస్తే రెండూ ఒకేరోజు పోతాయి. జేబెజ్ బయటికొచ్చి, పేచీ లేకుండా తప్పుకుంటే కాపలా పనీ ఇల్లూ రూబెన్ పేరు మీద రాస్తామన్నారు. లేకపోతే సెప్టెంబరాఖరుకి సామాను రోడ్డు మీద ఉంటుందన్నారు. ఆ మాటన్నది హార్బిన్, కొత్త యజమాని మేనేజరు. అన్న మాట జరిపించే రకం.

"మామయ్యా," అంది లెటీ గొంతు తగ్గించి. "నేను పన్నెండో ఏట అనాథాశ్రమం నుంచి పన్లోకి వచ్చాను. పెళ్ళయ్యేలోగా పద్దెనిమిది ఇళ్ళలో చేశాను. ఎక్కడ పడుకున్నా మంచం వాళ్ళది, దుప్పటి వాళ్ళది, కిటికీ ఎప్పుడు తెరవాలో చెప్పేది వాళ్ళు. మీ ఇంట్లో మొదటిసారి ఒక తలుపుకి లోపలివైపునించి గడియ వేసుకున్నాను. మీకు నవ్వొస్తుందేమో. ఆ రోజు రెండుసార్లు వేసి తీశాను, ఊరికే."

"చూశాను."

"చూశారా?"

"చూశాను. పిచ్చిపిల్లనుకున్నా."

"ఏడేళ్ళు మీ ఇంట్లో అడుగు కూడా చూసి వేశాను. మీ ఆవిడ పళ్ళేల బీరువా అంగుళం జరపలేదు. ఆవిడ కుర్చీలో ఒక్కరోజు కూర్చోలేదు. కాళ్ళు పీకుతున్నా స్టూలు మీదే కూర్చున్నాను. మీరు ఒక్కనాడైనా కూర్చోమ్మా అన్నారా?"

"కూర్చోవద్దని అన్నానా?"

"అనలేదు. చూశారు. మీ చూపు చాలు."



"ఇప్పుడు మీకు దొరగారి కుర్చీ దొరికింది, ఎంచక్కా కూర్చున్నారు. నా ఇల్లు పోతే పోనీ, మీ పంతం మీకు ముఖ్యం. ఈ దిక్కుమాలిన గదంటే మీకెందుకంత ప్రేమ? క్రేక్ దొర మీకేమన్నా చుట్టమా? ఎన్నేళ్ళు చాకిరీ చేశారు? ఒక్కసారైనా పేరెట్టి పిలిచాడా?"

"పదకొండేళ్ళు. పిలవలేదు."

"మరి?"

ముసలాయన చేత్తో నెత్తి మీది గాజు చూపించాడు. "ప్రతి గురువారం నేను అక్కడ, అటువైపు నీళ్ళలో. ఇత్తడి శిరస్త్రాణం, సీసం బూట్లు. కుంచె పెట్టి పాచి తోమేవాణ్ణి. ఆయన ఇక్కడ, ఈ కుర్చీలో. నాచు మిగిలిన చోటు కర్రతో చూపించేవాడు. ఇక్కడ, అక్కడ, అని. చుట్ట కాలుస్తూ. నాకు లోపల చెవులు పగిలిపోయేవి, ఆయనకి పొగ పైకి పోతుంటే చూడ్డం సరదా. పదకొండేళ్ళు మొహాలు చూసుకున్నాం, ఒక్క మాట లేదు. దివాలా తీసి పోయాడు, పోయి ఫ్రాన్సులో ఏదో హోటల్లో చచ్చాడు. నేను ఈ గదిలోకి ఒక్కనాడు అడుగు పెట్టలేదు. కాపలావాణ్ణయ్యాక కూడా తలుపుదాకానే. లోపలికి దొరలే వెళ్ళాలి అనేది ఎక్కడో పట్టుకుని ఉండిపోయింది."

"అందుకని?"

"అందుకని, మూసేస్తారని తెలిశాక, ఒక్క గంట. ఒక్క గంట ఇక్కడ కూర్చుని పైకి చూసి వచ్చేద్దామని దిగాను. అంతే."

"గంటా? మూడు రోజులు కూర్చుని..."

లెటీ ఆగింది. ముసలాయన కళ్ళు ఆమె మొహం మీద లేవు. కంబళి అంచు పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడ్డాయి. లెటీ రెండడుగుల్లో వెళ్ళి కంబళి లాగేసింది.

ఎడమ మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. పంట్లాం కుట్టు కత్తితో కోసి ఉంది. కాలి రంగు చూసి లెటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చివరి మెట్టు," అన్నాడు జేబెజ్. "నాచు. పదకొండేళ్ళు నాచు తోమినవాణ్ణి, నాచు మీదే జారాను."

"గురువారమే?"

"దిగుతూనే."

"మరి రూబెన్ పైనుంచి పిలిస్తే, రాను, ఇది నా గది అని అరిచారు కదా?"

"పడ్డానని ఎలా చెప్పను? నీళ్ళకింద పదకొండేళ్ళు పనిచేసినవాడు మెట్టు దిగలేక పడ్డాడని ఊరంతా నవ్వదూ? ఏదో ఒకటి అరిచాను. సాయంత్రానికి గొట్టంలోంచి జేజేలు మొదలెట్టారు. నేనేం చెయ్యను?"

లెటీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఊరు ఊరంతా వీరుడని పొగిడిన మనిషి కుర్చీలోంచి లేవలేక కూర్చున్నాడు. దానికి ఆమె ఇల్లు పణం.

"లేవండి," అంది ముక్కు తుడుచుకుని. "నా భుజం పట్టుకోండి. నలభై ఒక్క మెట్లు కూర్చుని ఒక్కొక్కటే ఎక్కుదురుగాని. బండి పోతే పోయింది, పన్నెండు లోపు పైన గడ్డిలో పడుకోబెడతాను మిమ్మల్ని."

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడ్డ క్షణాన, పైన ఎక్కడో ధడాలున మోగింది. ఆ మోత సొరంగం పొడుగునా దొర్లుకుంటూ వచ్చి గదిలో పడింది. తర్వాత తాళం తిరిగిన చప్పుడు.

ఇద్దరూ కదల్లేదు.

"నీ టోపీ," అన్నాడు జేబెజ్.

"తగిలించాను. కొక్కేనికి తగిలించే వచ్చాను."

మా ఊళ్ళో పసివాడికి కూడా తెలిసిన కట్టుబాటు అది. సొరంగంలోకి దిగేవాడు తలుపు పక్క కొక్కేనికి తన టోపీ తగిలించి దిగాలి. టోపీ ఉండగా ఎవరూ తలుపు వెయ్యరు. లేకపోతే లోపల ఎవరూ లేనట్టే. చెరువు అడుగున మనుషులు పనిచేసిన రోజుల్నించీ ఒక్కసారి తప్పలేదు. జేబెజ్ మాత్రం ఒక్క గంటేగా అని గురువారం టోపీ నెత్తినే పెట్టుకుని దిగాడు. ఆ సాయంత్రం నుంచీ ఊళ్ళో అందరికీ ఆయన లోపలున్నట్టు తెలుసు కాబట్టి ఎవరూ తలుపు ముట్టుకోలేదు.

లెటీ కట్టుబాటు తప్పలేదు. తన ఒక్కగానొక్క టోపీ, గడ్డి అల్లిక, అంచున గుడ్డతో చేసిన చెర్రీపళ్ళు ఉన్నది, భద్రంగా తగిలించి దిగింది. కానీ ఆ కొక్కేనికి అప్పటిదాకా తగిలినవన్నీ మగవాళ్ళ టోపీలే. అందులో ఆడది దిగడం ఎవరూ ఎరగరు.

తొమ్మిదిన్నరకి గోస్డెన్ వచ్చాడు. తాళం వెయ్యడం, తియ్యడం వాడి పని. కొక్కేనికి చెర్రీపళ్ళ టోపీ చూశాడు. శనివారం కదా, లండన్ నుంచి చెరువు చూడ్డానికి సైకిళ్ళ మీద వచ్చే అమ్మాయిలెవరో మర్చిపోయారనుకున్నాడు. మా దగ్గర దొరికిన వస్తువు ఏదైనా చర్చి వసారాలో పెట్టాలి, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకుంటారు. మంచివాడు గోస్డెన్. చినుకులు పడుతున్నాయని టోపీని కోటు కింద దాచి, తడవకుండా చర్చికి పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళేముందు లోపలికి తొంగిచూసి ఒక కేకేశాడు. లెటీ ఆ సమయానికి కింద ఏడుస్తోంది, ఇద్దరికీ వినపడలేదు. ముసలాడు ఎలాగో బయటపడ్డాడనుకుని తలుపు వేశాడు.

లెటీ పరిగెత్తింది. మెట్లెక్కి, సొరంగం దాటి, తలుపు మీద రెండు చేతులతో బాదింది. అరిచింది. గోస్డెన్ అప్పటికే చర్చి గేటు దగ్గరున్నాడు. తిరిగొచ్చి గాలిగొట్టం కింద నిలబడి గొంతు పోయేలా అరిచింది. గట్టు మీద ఎవరూ లేరు. శనివారం సంత రోజు, ఊరంతా సంతలో ఉంది.

పదిన్నరకి లాంతర్లో నూనె అయిపోయింది. చెరువులోంచి దిగే ఆకుపచ్చ వెలుగొక్కటే మిగిలింది.

"పన్నెండింటికి రూబెన్ వస్తాడుగా," అన్నాడు జేబెజ్.

"వస్తాడు."

"తాపీవాళ్ళూ వస్తారు. పిలుద్దాం."

"పిలుద్దాం," అంది లెటీ. ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. "పిలిస్తే హార్బిన్ కూడా వింటాడు."

ముసలాయన ఆమెవైపు చూశాడు.

"మీరు లోపలే ఉన్నారని తెలుస్తుంది. మీతో పాటు నేనూ ఉన్నానని తెలుస్తుంది. రూబెన్ అబద్ధం చెప్పాడని తెలుస్తుంది. ఇంక ఆ ఇల్లు..."

"కాలు విరిగిందని చెప్తా. నేను చెప్తా. ఊరంతా నవ్వనీ."

"నమ్ముతాడా? మూడు రోజులు రాను రాను అని అరిచారు. ఊరంతా సాక్ష్యం."

జేబెజ్ మెడ వంచుకున్నాడు. ఈ మనిషి తన ముందు మెడ వంచగా లెటీ ఇదే మొదటిసారి చూడడం. అది చూసి సంతోషపడాలని ఎన్నిసార్లు అనుకుందో. సంతోషమేమీ రాలేదు.

"అమ్మాయ్," అన్నాడు. "ఆ కుర్చీ. మా ఆవిడది. అందులో నువ్వు కూర్చుంటే ఆవిడ పోయినట్టు నేను ఒప్పుకున్నట్టే అవుతుందని... నీమీద ఏం లేదు."

"ఈ ముక్క ఏడేళ్ళ కింద చెప్తే ఏమయ్యేది?"

"నోరు రాదు నాకు. నీళ్ళలో పనిచేసినవాణ్ణి."

లెటీ చలికి చేతులు చంకల్లో పెట్టుకుంది. పైన చేపలు తిరుగుతున్నాయి.

పన్నెండు కొడుతుండగా గొట్టంలోంచి మాటలు దిగాయి. ఎవరో కొంగ పక్కనే నిలబడి మాట్లాడుతున్నారు, పక్కగదిలో ఉన్నంత దగ్గరగా.

"వెళ్ళిపోయాడా? నిజంగా?" హార్బిన్ గొంతు అది, ఒక్కొక్క మాటా విడిగా.

"వెళ్ళిపోయాడండి." రూబెన్. "పొద్దున్నే మా ఆవిడ నచ్చచెప్పి తీసుకొచ్చింది. ఇద్దరూ తొమ్మిదింబావు బండికి మా మేనత్త ఊరెళ్ళారు. తలుపు తాళమేసుంది చూడండి. మా ఆవిడ కొక్కేనికి తగిలించిన టోపీ కూడా లేదు. టోపీ లేకపోతే మా దగ్గర లోపల ఎవరూ లేనట్టేనండి."

లెటీ కళ్ళు మూసుకుంది. భర్త అబద్ధం చెప్పడం లేదు. అన్నీ చూసుకుని, నమ్మే చెబుతున్నాడు.

"ఎందుకైనా మంచిది," అన్నాడు హార్బిన్. "ఒకసారి పిలువు."

రూబెన్ గొట్టంలోకి వంగి పిలిచాడు.

"నాన్నా! ఉన్నావా?"

ఆ గొంతు గదంతా నిండింది. జేబెజ్ తల ఎత్తాడు. ఊపిరి పీల్చాడు, ఛాతీ పొంగింది.

లెటీ లేచింది. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా ఒక్క అంగలో ఆయన దగ్గరికొచ్చి, అరచెయ్యి ఆయన నోటిమీద వేసి అదిమింది. రెండో చేత్తో తల వెనక పట్టుకుంది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. ఎంత ముసలాడైనా వేళ్ళలో బలముంది. ఆమె వదల్లేదు.

"సంతకం," అంది ఆయన చెవిలో, గాలితో. "సంతకం ఒక్కటి కానివ్వండి. హార్బిన్ కారెక్కి పోగానే అరుద్దాం. తాపీవాళ్ళు మనవాళ్ళే, బయటికి చెప్పరు. ఒక్క పావుగంట మామయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె అరచేతి కింద ముసలాయన మూలిగాడు.

"ఏదో మూలుగుతోంది," అన్నాడు పైన ఎవరో.

"కొంగ. గాలికెప్పుడూ మూలుగుతుందిలే," అన్నాడు ఇంకొకడు.

"ఎవరూ లేరండి," అన్నాడు రూబెన్.

కాగితం మడత విప్పిన చప్పుడు. కొంగ వీపు మీదే పరిచి ఉంటారు, కలం రాతి మీద గీసుకోవడం కూడా వినిపించింది. లెటీ ఆ గీత ఎంతసేపు సాగుతుందో ఊపిరి బిగబట్టి విన్నది. రూబెన్‌కి పేరు పూర్తిగా రాయడం కష్టం, 'స్ట్రాడ్విక్' దగ్గర ప్రతిసారీ ఆగుతాడు. ఆగాడు. మళ్ళీ రాశాడు.

"అయితే ఇల్లు నీది," అన్నాడు హార్బిన్. "ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ."

"చాలా థాంక్సండి. నేను... మా ఆవిడకి చూపించి వస్తానండి. నాలుగు మైళ్ళేగా. పరిగెత్తి వెళ్తా." రూబెన్ గొంతులో చిన్నపిల్లవాడి సంతోషం. "ఏడేళ్ళుగా ఎదురుచూస్తోందండి అది."

బూట్ల చప్పుడు గట్టు మీద దూరమైపోయింది.

లెటీ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అరచెయ్యి మాత్రం కదల్లేదు. ఆమె గొంతు గుర్తుపట్టగల ఒక్క మనిషి, ఆమె కోసమే పరిగెడుతూ ఆమెకి దూరంగా పోతున్నాడు.

"ముందు ఈ గొట్టం మూసెయ్యండి," అన్నాడు హార్బిన్ పైన. "ఊళ్ళోవాళ్ళకి ఇందులోకి అరవడం అలవాటైంది. గడ్డి కుక్కి, పైన సున్నం పెట్టండి. తర్వాత తలుపు."

అప్పుడు లెటీ చెయ్యి తీసింది. తీసేసరికి గొట్టంలోంచి గడ్డి ఒరుసుకుంటున్న చప్పుడు, రెండు పరకలు రాలి నీళ్ళలో పడ్డాయి. గాలి ఆగిపోయింది. అప్పటిదాకా గదిలో గాలి ఆడుతోందనే తెలియలేదు.

జేబెజ్ మూతి తుడుచుకున్నాడు. పెదవి పన్నుకి తగిలి చిట్లింది.

"నా కొడుకు పిలిచాడు," అన్నాడు. "నాన్నా అని పిలిచాడు. నేను పలకలేదు."

"మీరు పలకలేదు కాదు. నేను పలకనివ్వలేదు."

"వాడు టబితా ఇంటికి పోయి మనం లేమని చూసి, తిరిగొచ్చేసరికి?"

"మూడవుతుంది. గోడ అయిపోయుంటుంది. పగలగొట్టిస్తాడు."

"పగలగొడితే కాగితం చింపేస్తారు. వాడు ఒక్క నిమిషమైనా ఆలోచించడూ?"

"రూబెనా? ఆలోచించడు."

"అంత నమ్మకమా?"

లెటీ వంగి ఒక కాలి బూటు విప్పుకుంది. చెక్క మడమ, ఇనప మేకులు. తలుపు కొట్టడానికి అంతకంటే గట్టిది లేదు.

"నేను ఆలోచించాను కదా మామయ్యా," అంది. "మీ నోరు మూసి, ఆలోచించాను."

ఆమె మెట్లెక్కింది.

సొరంగం చివర తలుపు కింద సన్నటి వెలుతురు గీత ఉంది. అది అప్పటికే సగమైంది. అవతల ఇటుక పక్కన ఇటుక పేర్చుతున్నారు, తాపీతో సున్నం గీకుతున్నారు. దగ్గరే. ఒక్కసారి గట్టిగా కొడితే వినపడుతుంది. లెటీ చెవి తలుపుకి ఆనించింది. కారు వెళ్ళిన చప్పుడు వినాలి. అది వినగానే కొడుతుంది. తాపీవాళ్ళు మనవాళ్ళు. నాలుగు ఇటుకలు తీస్తారు, మామయ్యని మోసుకుపోతారు, మళ్ళీ పెట్టేస్తారు. కాగితం రూబెన్ జేబులో ఉంటుంది.

కారు చప్పుడు లేదు.

"అబ్బాయ్, ఆ మడత కుర్చీ ఇలా వెయ్యి," అంటున్నాడు హార్బిన్. "తొందరేం లేదు, రెండు వరసలు కట్టండి. చివరి ఇటుక పెట్టించి గాని రావద్దన్నారు అయ్యగారు. అందాకా నేనిక్కడే కూర్చుంటా."

కుర్చీ విప్పిన చప్పుడైంది. తలుపు కింద వెలుతురు గీతలోంచి ఇంకో ఇటుకంత మేర ఆరిపోయింది.

"కొట్టమ్మా!" చీకట్లోంచి, మెట్ల కిందనుంచి ముసలాయన అరుస్తున్నాడు. "ఇల్లు లేకపోతే పోయింది, కొట్టు! లెటీ!"

ఏడేళ్ళలో ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. లెటీ బూటు ఎత్తి పట్టుకుని నిలబడింది.